పో అనాల్సిన చోట

కుప్పం,
9-8-1978.

అక్కకు నమస్కారం.

కార్డులో చోటు లేదు, ముక్తసరిగా రాస్తున్నాను. మదనపల్లె ఫోటో స్టూడియోకు తాళం వేసి కుప్పం వచ్చి పదిరోజులైంది. పని బాగానే సాగుతోంది గానీ రక్తం చాలడం లేదు. ఉన్నది కూడా పల్చగా ఉంది, నోట్లోంచి కారితే నీళ్ళలాగే కనబడుతోంది. నీకేదైనా ఉపాయం తెలిస్తే వెంటనే రాయి. చెంగయ్యకు పళ్ళు నిలవడం లేదు, రోజుకు రెండుసార్లు ఊడిపోతున్నాయి. మిగతా అంతా క్షేమం.

నీ తమ్ముడు
లక్ష్మీపతి

పుంగనూరు,
12-8-1978.

తమ్ముడు లక్ష్మీపతికి అక్క యశోద రాసేది.

మిగతా అంతా క్షేమమా? నోట్లోంచి రక్తం కారుతుంటే ఇంక మిగతా ఏముందిరా క్షేమంగా ఉండడానికి? నీ కార్డు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. పక్కింటి సిద్ధమ్మకు చదివి వినిపిస్తే, "అది టీబీనే యశోదమ్మా! శానిటోరియం ఉండే మదనపల్లె ఇడిసిపెట్టి కుప్పంలో యాల కూసోనుండాడు ఆయప్ప?" అని ఇంకా భయపెట్టింది.

ఆ చెంగయ్య ఎవరో నాకు తెలియదు. రోజుకు రెండుసార్లు పళ్ళూడే మనిషి నోట్లో అసలు ఎన్ని పళ్ళున్నాయి? అదేం జబ్బో ఏమో, అతని పక్కన కూర్చుని తినొద్దు.

బస్సు కండక్టరు చేతికి సంచి ఇచ్చాను. నల్లబెల్లం దిమ్మ, రాగిపిండి, ఖర్జూరం, నేరేడుపళ్ళ రసం ఒక సీసా ఉన్నాయి. రసం పరగడుపున తాగు, ఒంట్లో రక్తం ఊరుతుందంటారు.

అమ్మ పోయేటప్పుడు మూడేళ్ళవాణ్ణి నిన్ను నా ఒళ్ళో పెట్టింది. మీ బావ చూస్తే పట్టుగూళ్ళ మూట ఎత్తుకుని బెంగుళూరు బస్సెక్కి పదకొండేళ్ళయింది, ఇంకా దిగలేదు. ఇంకొకరి కోసం వాకిలి చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదురా. ఈ ఉత్తరం అందిన బస్సుకే బయల్దేరి రా.

నీ అక్క
యశోద

కుప్పం,
19-8-1978.

మా బంగారు అక్కకు,

ముందు నన్ను నాలుగు తిట్టి, తర్వాత చదువు. రక్తం నాది కాదు, సినిమాది. నేను సినిమా తీస్తున్నాను. చెబితే ఆపుతావని చెప్పలేదు.

నీ కంగారు పుణ్యమా అని మా సినిమా బతికింది. నల్లబెల్లం పాకం పట్టి నేరేడు రసం కలిపితే అచ్చం చిక్కటి నెత్తురే. మాది నలుపు తెలుపు సినిమా, రంగుతో పని లేదు, చిక్కదనం ఉంటే చాలు. ఒకటే ఇబ్బంది, చీమలు. నిన్న శవంలా పడుకోవాల్సిన మనిషి చీమలు కుట్టి లేచి పరిగెత్తాడు.

చెంగయ్యకు ఏ జబ్బూ లేదు. నిమ్మనపల్లె మనిషి, వీధినాటకాల్లో రాజు వేషాలు వేసేవాడు. నా సినిమాలో రక్తం తాగే పిశాచి ఆయనే. ఊడేవి మైనపు కోరలు, ఎండకు కరిగిపోతున్నాయి. పిశాచికి ఎండలో ఏం పని అంటావేమో, మాకు లైట్లు లేవు. కెమెరాకు నల్లద్దం తగిలించి మిట్టమధ్యాహ్నాన్నే అర్ధరాత్రి చేస్తున్నాం. మొన్న మేకల ఆయన ఒకడు చాలాసేపు నిలబడి చూసి, "ఏమప్పా, మీ దయ్యం సంగటి తిని కునుకు తీసే టయానికి తిరగతాదా?" అన్నాడు.

పేరు 'చావు రానివాడు'. చావు లేకపోవడం వరమా, శిక్షా అన్నదే కథ. మూడు వందల ఏళ్ళ కిందట ఒకడు గుర్రంకొండ కోటకు సిపాయిగా పోతూ గడపలో తల్లితో 'పోయొస్తా' అన్నాడు. దారిలో చచ్చాడు. కానీ వస్తానని మాటిచ్చాడు కదా, చావు వాణ్ణి ఉంచుకోలేదు. ఎవరి నెత్తురో తాగి, ఆ బలంతో ఇంకో రోజు నడిచి, ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతాడు. చివరికి ఇల్లు దొరుకుతుంది. తల్లి కూడా చావకుండా వాడి కోసమే కూర్చుని ఉంటుంది. వాణ్ణి చూసి 'పో' అంటుంది. పోయిరా కాదు, ఒట్టి 'పో'. అంతే, ఇద్దరికీ విడుదల.

ఇది నాకు ఎక్కడిదనుకున్నావు? బడికి పోతూ నేను 'పోతాండా' అంటే నువ్వు వెనక్కి పిలిచి, 'పోతా అనగూడదు, పోయొస్తా అను' అని, అనేదాకా గడప దాటనిచ్చేదానివి కాదు. పలకా బలపంతో పాటు ఆ మాటా నువ్వు ఇచ్చిందే. దాని మీదే సినిమా కట్టుకున్నాను.

ఇక నీ దగ్గర ఒక వరం కావాలి. తల్లి వేషం వేయాల్సిన మునిలక్ష్మమ్మ కూతురి కాన్పుకని వెళ్ళిపోయింది. నువ్వు రా. రెండు రోజుల పని, ఒక్కటే మాట. "పో" అనాలి, అంతే.

నీ తమ్ముడు
లక్ష్మీపతి

పుంగనూరు,
25-8-1978.

తమ్ముడికి,

ఒంటికి బాగుందని తెలిసి దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత నీ వీపు మీద నాలుగు వేయాలనిపించింది. ఖర్జూరమైనా మనుషులు తిన్నారా, అది కూడా పిశాచికే పెట్టావా?

నువ్వు అడిగావు కాబట్టి వస్తాను. ఉలవలు తెస్తున్నాను, అంతమంది అక్కడ ఏం తింటున్నారో ఏమో. ఒక్క సంగతి ఆలోచించు. కన్నతల్లి బిడ్డను 'పో' అని ఎందుకంటుంది? చేత్తో సైగ చేస్తే సరిపోదా? కాకుంటే 'సరే నాయనా' అంటాను. అదీ ఒక మాటే కదా.

సిద్ధమ్మ కూడా వస్తానంటోంది. దయ్యాన్ని పగలు చూస్తే భయముండదట.

అక్క
యశోద

మదనపల్లె,
21-9-1978.

అక్కకు,

ముందు మంచి మాట. ఆ రెండు రోజులూ పదకొండుమందికి వండిపెట్టావు. చెంగయ్య ఇప్పటికీ నీ ఉలవచారు గురించే చెబుతాడు. అది నేను మరిచిపోను.

ఇక రెండో మాట. ఫిల్ము కడిగించి తెచ్చాను. నీ ముఖం ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. కానీ పెదవులు చూస్తే 'పోయిరా నాయనా' అన్నది స్పష్టంగా తెలుస్తోంది. 'పో' అనాలని నాలుగుసార్లు నీకు చెప్పాను. "సరేరా, పో అనే గదా" అన్నావు. కెమెరా తిరగ్గానే పోయిరా అన్నావు. మిగిలింది ఆ ఒక్క రీలేనని నీకు తెలుసు. మూడు వందల ఏళ్ళు తిరిగి అలిసిపోయినవాణ్ణి మళ్ళీ రమ్మంటే వాడి గతేమిటి, నా కథ గతేమిటి?

మాటలు మద్రాసులో విడిగా చేరుస్తారు. నువ్వు వచ్చి మైకు ముందు 'పో నాయనా, పో' అని చెప్పు. పెదవులకు కాస్త అటూ ఇటుగా సరిపోతుంది. ఈసారైనా దీన్ని పిల్లకాయల ఆట అనుకోవద్దు.

లక్ష్మీపతి

పుంగనూరు,
3-10-1978.

లక్ష్మీపతి గారికి,

మీ ఉత్తరం అందింది. నేను మద్రాసు రాలేను. ఆ మాట ఇంకెవరిచేతనైనా చెప్పించుకోండి. మీ రీలు పాడుచేసినందుకు క్షమించండి. మిగిలిన ఉలవలు పంపుతున్నాను.

యశోదమ్మ

మదనపల్లె,
14-11-1978.

అక్కా,

'గారు' అన్నావు, 'మీరు' అన్నావు. దీనికంటే చీపురు తిరగేసి ఉంటే సంతోషించేవాణ్ణి. నెల దాటినా నాకు ముద్ద సరిగా దిగడం లేదు. ఆ ఉత్తరం కోపంలో రాశాను, తప్పు నాదే. మద్రాసులో ఒకామెతో చెప్పించి చూశాను. ఆమె 'పో' అంటే కుక్కను తోలినట్టుంది. సినిమాను అలాగే డబ్బాలో పెట్టేశాను.

నీ మనసు కుదుటపడుతుందని ఒక పని చేశాను. బావ వాళ్ళన్న వెంకటరమణప్ప మొన్న స్టూడియోకు వచ్చాడు. "వచ్చే ఆషాడానికి మా తమ్ముడు కనబడక పన్నెండేండ్లు నిండతాది. పెద్దోళ్ళు సెప్పినట్టు, సచ్చిపోయినట్టే లెక్కగట్టి కర్మ సేసేస్తే ఆయమ్మకూ నిమ్మళం. పటమొకటి పెద్దది సేసియ్యప్పా, యశోద గూడా సరే అనింది" అన్నాడు. నువ్వు ఒప్పుకున్నావని విని నాకూ నిమ్మళమైంది. మీ పెళ్ళి ఫోటోలోంచి బావ ముఖం ఒక్కటే పెద్దది చేసి, పాత ఫోటో మీది గీతలు దిద్ది, ఫ్రేము కట్టించాను. రేపు బస్సుకు పంపుతున్నాను. తమ్ముడి కానుక అనుకో. కోపం తగ్గితే 'ఒరే' అని ఒక కార్డు రాయి.

నీ
లక్ష్మీపతి

పుంగనూరు,
20-11-1978.

ఒరే లక్ష్మీపతీ,

పటం అందింది. బాగా చేశావు. గీతలతో పాటు గడ్డం మీది మచ్చ కూడా తీసేశావు, అది ఉండాల్సింది. పటాన్ని గోడవైపు తిప్పి పెట్టాను.

నేను సరే అనలేదు. వెంకటరమణప్ప బావ ఆ మాట ఎత్తగానే మజ్జిగ తెస్తానని లోపలికి పోయాను. దాన్ని ఒప్పుకోలు అనుకున్నట్టున్నాడు. నువ్వు కూడా వాళ్ళతో కలిశావని రెండు రోజులు ఏడ్చాను. నీకు తెలియక చేశావని మూడోరోజు బుద్ధికి తోచింది. తెలియదు ఎందుకంటే నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

మీ బావ పోయినరోజు నాకు జ్వరం. ఈ ఒక్కరోజు ఉండమన్నాను. "గూళ్ళు ఆగవు యశోదా, పురుగు తొలుసుకోని వచ్చేస్తాది" అన్నాడు. నిజమే, రైతింటి దానికి ఆమాత్రం తెలియదా? కానీ నాకంటే ఆయనకు పురుగు ఎక్కువైందని ఒళ్ళు మండింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. చెప్పులేసుకుని గడపలో నిలబడి, "పోయొస్తానే" అన్నాడు. నేను తిరగలేదు. "పో. యాడికన్నా పో" అన్నాను. రా అనలేదు. అది నోట్లోనే ఉంది, అయినా అనలేదు. ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. నేను ఇటు తిరుగుతానేమోనని చూసుంటాడు. తర్వాత మూట ఎత్తుకున్న చప్పుడు వినబడింది.

నీకు పోతా అనకూడదని నేర్పిన నోరే ఆ మాట అనింది. అందుకే ఆయన రాలేదు. నువ్వు చదువుకున్నవాడివి, కాదంటావు. నాకు మాత్రం అంతే. పదకొండేళ్ళుగా వీధి తలుపుకు గడియ పెట్టలేదు. దొంగలు పడతారని సిద్ధమ్మ గొణుగుతుంది. ఆయన వచ్చి తలుపు తోస్తే తెరుచుకోవాలి కదా.

కుప్పంలో చెంగయ్య గడపలో నిలబడి అలాగే చూశాడు, నేను ఇంకేమైనా అంటానేమోనని. నోరు నా మాట వినలేదురా. నీ రీలు పోయింది, నాకు బాధగానే ఉంది. కానీ ఆ మాట నాచేత రెండోసారి అనిపించొద్దు. కర్మ చేయడమన్నా అదే, ఊరందరి ముందూ ఆయన్ను పో అనడం.

అక్క

మదనపల్లె,
2-12-1978.

అక్కా,

నీ ఉత్తరం చదివి స్టూడియో మూసేసి కూర్చున్నాను. నీ చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి, ఈ సంగతి ఎరగను. ఎరగక ఆ మాటే అనమని నాలుగుసార్లు నీ వెంటబడ్డాను. నన్ను క్షమించు.

నీ తప్పు లేదని రాస్తే నువ్వు నమ్మవు. అందుకని ఒక్కటే అడుగుతాను. నేను బడికి పోయినా, కాలేజీకి పోయినా, కెమెరా పని నేర్చుకోవడానికి మద్రాసు పోయినా గడపలో నిలబడి 'పోయిరా' అన్నావు. బావ సంతకు పోయిన ప్రతిసారీ అన్నావు. అన్నిసార్లూ తిరిగొచ్చాం. మనిషిని పోగొట్టే బలం నీ నోటికుంటే, రప్పించిన బలమూ దానిదే కావాలి కదా. ఒక్కరోజు జ్వరంలో అన్నది నిలబడి, వేలసార్లు మనసారా అన్నది కొట్టుకుపోతుందా? నేను ఈరోజు మనిషిలా తిరుగుతున్నానంటే ఆ 'పోయిరా'ల చలవే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

నిన్న చెంగయ్య వస్తే ఆ రీలు మళ్ళీ వేసి చూశాం. నువ్వు పోయిరా అనగానే ఆయన ముఖంలో నేను అడిగిన అలసట లేదు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియదు. "అట్ల యాల సేసినావప్పా?" అని అడిగాను. అప్పుడు చెప్పాడు. "నేనేం సేయలేదు సామీ. నాటకాలకు పోతానంటే మాయమ్మ తలుపేసేసింది. ఇరవై ఏండ్లాయ. ఆ మాట మళ్ళా నాకు ఎవురూ అనలే. యశోదమ్మ అనేసరికి కోరలు యాడ పడిపోయినాయో గూడా తెలీలా."

పరీక్షగా చూస్తే నిజమే. నీ మాట తర్వాత పిశాచి నోట్లో కోరలు లేవు! ఇన్నాళ్ళూ నీ పెదవులు చూసి కోపం తెచ్చుకున్నానే గానీ వాడి నోరు చూడలేదు.

కథ నేనే తలకిందులుగా రాసుకున్నానక్కా. 'పో' అంటే ఎవడూ పోలేడు, గడపలోనే నిలబడిపోతాడు. రమ్మనే మనిషి ఒకరున్నారని తెలిస్తేనే నిశ్చింతగా పోగలడు. సినిమా పేరు 'పోయిరా' అని మార్చాను. మద్రాసుకు రా. నువ్వు ఆరోజు ఏమన్నావో అదే అను.

నీ తమ్ముడు
లక్ష్మీపతి

పుంగనూరు,
30-4-1979.

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మద్రాసులో ఆ గాజు గదిలో నా గొంతు నేను విన్నప్పుడు ఎవరో ముసలామె అనుకున్నాను. నిన్న కుప్పం టూరింగు టాకీసులో అలా అనిపించలేదు. నువ్వు బయట బీడీల వాళ్ళ మధ్య తలదాచుకుని నిలబడ్డావు, అందుకే లోపల ఏం జరిగిందో రాస్తున్నాను.

మొదటి సగం నవ్వారు. దాచడమెందుకు, నేనూ నవ్వాను. రాత్రి అని చెప్పి చెంగయ్య కాళ్ళ కింద అంత నీడ పడితే ఎవరు నవ్వరు? నా బెల్లం పాకం కారినప్పుడు మాత్రం ఒకావిడ కళ్ళు మూసుకుంది. నేరేడు రసం వృథా కాలేదు అనుకున్నాను. నడుమ చావు గురించి ఆయన కొండరాళ్ళతో మాట్లాడేటప్పుడు కొందరు లేచి పోయారు. అది కొంచెం తగ్గించరా.

చివర్లో ఆయన గడపలో నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి. నేను తెర మీద నోరు తెరిచేలోపే నా వెనక ఎవరో ముసలమ్మ, "పోయిరా నాయనా, పోయిరా" అనేసింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు అన్నారు. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఏ మాటతో నీ రీలు పాడైందన్నావో, ఆ మాట వాళ్ళందరి నోళ్ళలోనూ ఉంది. నేను ఒక్కదాన్నే పాపిష్టి నోరు పెట్టుకుని ఇన్నేళ్ళు ఒంటరిగా కూర్చున్నాననుకున్నాను.

నువ్వు ఈ పిచ్చి సినిమా తీయకపోతే అదే మాట నా నోట్లోనూ మిగిలే ఉందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. పెంచినందుకు ఇంతకంటే ఏం కావాలిరా నాకు? దేవుడు నిన్ను చల్లగా చూడాలి. చెంగయ్యకు చెప్పు, పుంగనూరు వస్తే మా ఇంట్లో తినకుండా పోకూడదని.

ఇంటికి రాగానే మీ బావ పటాన్ని ఇటు తిప్పాను. ఆషాఢానికి సరేనని వెంకటరమణప్ప బావకు నేనే కబురు చేశాను. ఏం చేయాలో నాకు తెలుసు. నువ్వు రా.

అక్క
యశోద

మదనపల్లె,
16-7-1979.

అక్కా,

నిన్న చెప్పకుండా బయల్దేరాను. కర్మ జరిగిన ఇంట్లోంచి పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి తల వంచుకుని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక నోట్లో ఏదో మిగిలిపోయినట్టే ఉంది. పుట్టి ఇన్నేళ్ళలో నీకు ఆ మాట చెప్పకుండా రావడం ఇదే మొదటిసారి.

నీళ్ళ దగ్గర జరిగింది ఇంకా కళ్ళ ముందే ఉంది. దర్భలతో చేసిన బావ బొమ్మను నీళ్ళలో వదిలేటప్పుడు కర్మ చేయించే పెద్దాయన, "సివరి మాట సెప్పమ్మా, పొమ్మను" అన్నాడు. నువ్వు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, వెనక్కి తిరగకుండా, ఎదురుగా చూస్తూ, "పోయిరా" అన్నావు. వెంకటరమణప్ప అదిరిపడి, "సచ్చినోణ్ణి పోయిరా అంటారా యాడన్నా?" అన్నాడు. సిద్ధమ్మ ఊరుకోలేదు. "సినిమాలోనే అనింది ఆయమ్మ, ఇప్పుడు అనదా? నువ్వు కుప్పం పోయి సూడలేదా?" అంది. చెంగయ్య గట్టు మీద నిలబడి పైగుడ్డతో కళ్ళొత్తుకున్నాడు.

నీకు ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు
లక్ష్మీపతి

పుంగనూరు,
21-7-1979.

ఒరే తమ్ముడూ,

ఒళ్ళు తేలికగా ఉంది. నిద్ర పడుతోంది. జ్వరంలో గోడవైపు తిరిగిన మనిషిని పన్నెండేళ్ళకు ఇటు తిప్పావు. నీ సినిమా ఇంకెక్కడా ఆడకపోయినా నువ్వు బాధపడొద్దు, అది చేయాల్సిన పని చేసింది.

నువ్వు చెప్పకుండా పోవడం పద్ధతే. అయినా నువ్వు మలుపు తిరిగేదాకా నేను గడపలో నిలబడి ఆ మాట అన్నాను. నీకు వినబడలేదు, అంతే.

చెంగయ్య ఆ పొద్దు మా ఇంట్లోనే తిన్నాడు. నిమ్మనపల్లెలో వాళ్ళమ్మ ఇంకా ఉందట. పోయి చూడమన్నాను.

నెల తిరిగాక నువ్వు ఊరికే రా. ఏ పనీ పెట్టుకోవద్దు. తిని, కునుకు తీసి, పోయేటప్పుడు గడపలో నిలబడి వీధంతా వినబడేలా చెప్పి పో. వచ్చినప్పుడు మాత్రం తలుపు గట్టిగా తట్టు. ఇప్పుడు గడియ పెట్టుకుంటున్నాను.

నీ అక్క
యశోద